కాలు తీసినప్పుడు లోపలికి ఏం వెళ్తోంది? ఒక్కరే బ్రేకు ఎయిర్ తీసుకోవడం గురించి

విజయనగరంలో ఏ కారు షెడ్డు దగ్గర పది నిమిషాలు నిలబడినా ఈ మాటలు చెవిన పడతాయి. చక్రం పక్కన గొంతుక్కూర్చున్న మెకానిక్ "కొట్టు, కొట్టు, పట్టు" అంటాడు. లోపల సీట్లో ఉన్న కుర్రాడు బ్రేకు పెడల్‌ని మూడు నాలుగు సార్లు తొక్కి, చివరిసారి అదిమిపెట్టి "పట్టాను" అని అరుస్తాడు. కింద చక్రం దగ్గరున్న నిపుల్ (బ్రేకు ఆయిల్‌ని బయటికి వదిలే చిన్న బోలు స్క్రూ) ఒక్క క్షణం తెరుచుకుంటుంది, బుడగలతో కలిసి ఆయిల్ చిమ్ముతుంది. నిపుల్ మూసుకున్నాక "వదులు" అని మళ్ళీ కేక. నాలుగు చక్రాలకీ ఇదే తంతు. బ్రేకు ఎయిర్ తీయడమంటే, అంటే బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపడమంటే ఇదే.

ఆ రెండో మనిషి ఇంట్లో లేకపోతే? పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోయి పెద్దవాళ్ళిద్దరే మిగిలిన ఇళ్ళు మా వీధిలోనే చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి గంటసేపు పెడల్ తొక్కించలేం కదా. అడిగితే సలహాలకు కొదవ ఉండదు. ఒకరు పైపు తగిలించి సీసాలో ముంచమంటారు. ఒకరు సిరంజితో లాగమంటారు. ఇంకొకరు నిపుల్ వదులు చేసి వదిలేస్తే ఆయిల్ దానంతటదే కారుతుంది, మీరు టీ తాగి రండి అంటారు. వాక్యూమ్ పంపు కొనమనేవాళ్ళున్నారు, అసలు ఒక్కరి వల్ల అయ్యే పని కాదని తేల్చేసేవాళ్ళూ ఉన్నారు. పద్ధతులు చెప్పేవాళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ ఏ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బ తింటుందో కలిపి చెప్పేవాళ్ళు దొరకడం కష్టం.

నేను మొదటిసారి ఒంటరిగా మొదలుపెట్టినప్పుడు నిపుల్‌కి పైపు తగిలించి, రెండో కొస ఖాళీ సీసాలో వేసి, లోపల కూర్చుని తొక్కుతూనే ఉన్నాను. ముప్పై సార్లు తొక్కినా బుడగలు ఆగలేదు, పెడల్ మెత్తదనం పోలేదు. చివరికి రింగురోడ్డు వైపు షెడ్డు నడిపే ఒక పెద్దాయనకి చెప్పుకున్నాను. ఆయన చేస్తున్న పని ఆపకుండానే, "బాబూ, నువ్వు తొక్కినప్పుడు గాలి బయటికి పోతంది, సరే. కాలు తీసినప్పుడు లోపలికి ఏటి వెళ్తంది? అది సూసుకున్నావా?" అన్నారు.

ఈ ప్రశ్న ఒక్కటి పట్టుకుంటే మిగతా చిక్కుముళ్ళన్నీ వాటంతటవే విడిపోతాయి. పెడల్ తొక్కినప్పుడు దానికి కలిపి ఉన్న మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ముందుకు కదిలి ఆయిల్‌ని చక్రం వైపు నెడుతుంది. కాలు తీయగానే లోపలి స్ప్రింగు పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది. అప్పుడు లోపల ఏర్పడిన ఖాళీ ఏదో ఒకదానితో నిండాలి. కొంత రిజర్వాయర్ నుంచి, అంటే మాస్టర్ సిలిండర్ మీదుండే ఆయిల్ డబ్బా నుంచి ఆయిల్ దిగుతుంది. కానీ చక్రం దగ్గర నిపుల్ తెరిచి ఉంటే ఆ దారి నుంచీ లాగుతుంది. అక్కడ గాలి ఉంటే గాలే వస్తుంది, ఆయిల్ కంటే గాలి సులువుగా జారుతుంది కాబట్టి. షెడ్డులో ఇద్దరు ఉండేది బలం కోసం కాదు. పెడల్ వెనక్కి వచ్చే సమయానికి నిపుల్ మూసి ఉండాలి, అంతే. ఒక్కరే చేసే పద్ధతులన్నీ ఈ పనికి ప్రత్యామ్నాయాలు. నిపుల్ అనే తలుపు మూసైనా ఉంచాలి, లేదా తెరిచిన తలుపు బయట గాలికి బదులు ఆయిల్ ఉండేలా చూడాలి, లేదా వెనక్కి లాగే అవసరమే రాకుండా చేయాలి.

ఇంతకీ కాస్త గాలికి ఇంత హడావుడి ఎందుకు? బడిలో చదివిన పాస్కల్ సూత్రమే బ్రేకులకు ఆధారం. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని వైపులా అంతే ఒత్తిడితో చేరుతుంది. ద్రవం నలగదు, అందుకే కాలి బలం చక్రం దాకా పోతుంది. గాలి నలుగుతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. మాస్టర్ సిలిండర్ రంధ్రం 20 మి.మీ. వ్యాసం, పిస్టన్ కదలిక 30 మి.మీ. అనుకుంటే, పూర్తిగా తొక్కినా ముందుకు వెళ్ళేది సుమారు 9 సి.సి. ఆయిల్. రెండు చెంచాలకి కూడా కాస్త తక్కువే. ఇప్పుడు గొట్టంలో ఎక్కడో 3 సి.సి. గాలి ఉందనుకోండి. లోపల ఒత్తిడి వాతావరణ ఒత్తిడికి 50 రెట్లు అయ్యేసరికి ఆ గాలి 0.06 సి.సి.కి కుంచించుకుపోతుంది. అంటే ఉన్న 9లో దాదాపు 3 సి.సి. గాలిని నలపడానికే ఖర్చయిపోయింది. పెడల్ ప్రయాణంలో మూడో వంతు వృథా. ప్యాడ్లు డిస్కుని తాకేదాకా మామూలుగా ఖర్చయ్యేది ఎలాగూ ఉంటుంది. ఆ రెండూ కలిస్తే పెడల్ ఫ్లోర్ దగ్గరికి వెళ్ళిపోతుంది. అర చెంచా గాలి చేసే పని ఇది.

అయితే పెడల్ బాగోలేదనిపించిన ప్రతిసారీ కారణం గాలే కాదు. స్పానర్ పట్టుకునే ముందు కాలితోనే కొంత తెలుసుకోవచ్చు. స్పాంజిని నొక్కినట్టు మెత్తగా, వెనక్కి తన్నుతున్నట్టు ఉంటే గాలి, లేదా పాతబడి ఉబ్బే రబ్బరు హోస్. ఇంజను ఆన్‌లో పెట్టి ఒకే బలంతో పట్టుకుంటే నెమ్మదిగా కిందకి దిగిపోతూ ఉంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయింది. దీనికి ఎంత ఎయిర్ తీసినా లాభం లేదు. పెడల్ కిందకి దిగాక గట్టిగానే ఉండి, వెంటనే రెండోసారి తొక్కితే పైన అందుతుంటే వెనక చక్రాల డ్రమ్ము బ్రేకుల్లో డ్రమ్ముకీ, దానికి రాసుకునే లైనర్లకీ మధ్య గ్యాపు ఎక్కువైంది. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచి తొక్కి చూడండి, పెడల్ పైకి వచ్చిందంటే అనుమానం నిజమే. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బ్రేకు పడకపోతే, ఇంజను సాయంతో కాలి బలాన్ని పెంచే బూస్టర్ వైపు చూడాలి. ఈ తేడాలు తెలియకే చాలామంది మంచి ఆయిల్‌ని పారబోసుకుంటారు.

ఇంకొకటుంది, అది మన ప్రాంతంలో మరీ ముఖ్యం. ఒక చలికాలం అరకు నుంచి దిగివస్తున్నాను. అనంతగిరి దాటాక మలుపు మలుపుకీ బ్రేకు మీద కాలు. బొడ్డవర వచ్చేసరికి చక్రాల దగ్గర మాడు వాసన, పెడల్ కింద ఏమీ లేనట్టు మెత్తగా అయిపోయింది. మొదటి గేరులో హ్యాండ్ బ్రేకు సాయంతో ఎలాగో పక్కకి తీసి ఆపాను. ఇంట్లోవాళ్ళు వెనక సీట్లో ఉన్నారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ముప్పావు గంట తర్వాత పెడల్ మళ్ళీ మామూలుగా గట్టిపడింది. మర్నాడు చూపిస్తే అంతా బాగానే ఉందన్నారు, వాళ్ళ తప్పు కాదు, చల్లారాక లోపం కనబడదు.

జరిగింది ఏమిటంటే ఆయిల్ మరిగింది. బ్రేకు ఆయిల్ అని మనం పిలిచేది నిజానికి నూనె కాదు. డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు, గాలిలోని తేమని పీల్చుకుంటాయి. రబ్బరు హోసుల గుండా, రిజర్వాయర్ మూతకున్న సన్నని దారి గుండా తేమ చేరుతూనే ఉంటుంది. కొత్త డాట్ 3 మరగాలంటే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, డాట్ 4కి 230. అదే 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. ఘాటీ దిగుతూ ఎడతెగకుండా బ్రేకు వాడితే ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ దగ్గర ఆ వేడి రావడం కష్టం కాదు. మరిగితే ఆవిరి. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. చల్లారితే మళ్ళీ నీరైపోతుంది కాబట్టి లోపం మాయమవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరం గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేదే. రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చమని చాలా కంపెనీల మాన్యువల్ చెప్పేది ఇందుకే. నా కారులో అప్పటికి ఐదేళ్ళది ఉంది. మార్చడానికి చేసే పని, ఎయిర్ తీయడానికి చేసే పని ఒకటే. బుడగలు ఆగగానే ఆపకుండా, కొత్త ఆయిల్ రంగు కనబడేదాకా కొనసాగించాలి.

ఇక పని దగ్గరికి వద్దాం. నా ఓటు సీసా పద్ధతికే. ఖర్చు లేదు, కాస్త శ్రద్ధ ఉంటే చాలు. అక్వేరియం షాపులో దొరికే పారదర్శకమైన సన్నని పైపు ఒక మీటరు, నిపుల్ మీద బిగుతుగా కూర్చునేది చూసి తీసుకోండి. ఒక నీళ్ళ సీసా మూతకి రెండు రంధ్రాలు, ఒకటి పైపుకి, ఒకటి గాలి పోవడానికి. సీసాలో రెండు అంగుళాల ఎత్తున కొత్త బ్రేకు ఆయిల్ పోసి, పైపు కొస అందులో పూర్తిగా మునిగేలా పెట్టాలి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే, సీసా ఖాళీగా ఉంది. కొస మునిగి ఉంటే కాలు తీసినప్పుడు వెనక్కి లాగినా వెళ్ళేది ఆయిలే. సీసాని నేల మీద పెట్టకుండా, నిపుల్ కంటే పైన ఉండేలా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి వేలాడదీయండి. పైపు నిపుల్ నుంచి నేరుగా పైకి లేచి తర్వాత సీసాలోకి దిగాలి. బుడగలు పైకి పోయే స్వభావమున్నవి, వాటికి పై దారి చూపిస్తే మళ్ళీ నిపుల్ వైపు తిరిగి రావు.

నిపుల్‌ని పావు చుట్టు మాత్రమే తిప్పాలి. ఎక్కువ తిప్పితే నిపుల్ మర చుట్ల సందుల్లోంచి గాలి చొరబడుతుంది, పైపు ఎంత బాగా మునిగినా ప్రయోజనం ఉండదు. నిపుల్ చుట్టూ మర మొదట్లో కొంచెం గ్రీజు పూస్తే ఆ సందు మూసుకుంటుంది. తర్వాత లోపలికి వెళ్ళి పెడల్‌ని నెమ్మదిగా తొక్కి, ఒక క్షణం ఆగి, అంతకంటే నెమ్మదిగా వదలాలి. దడదడా తొక్కితే ఉన్న ఒక పెద్ద బుడగ వంద చిన్న బుడగలుగా చీలి నురగైపోతుంది, అది బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది. ఇంజను ఆఫ్‌లోనే ఉండాలి.

పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టుకోమని గట్టిగా చెబుతాను. రోజూ బ్రేకు వేసేటప్పుడు పిస్టన్ సిలిండర్‌లో సగం దూరమే తిరుగుతుంది. దాటని ఆ చివరి భాగంలో ఏళ్ళ తరబడి తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీస్తూ పెడల్‌ని ఫ్లోర్ దాకా తొక్కితే మెత్తని రబ్బరు సీలు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది. ఎయిర్ తీశాక మాస్టర్ సిలిండర్ పోయిందని బాధపడేవాళ్ళలో కొందరికి జరిగేది ఇదే. పాత కార్లకి ఇది మరీ ముఖ్యం.

ఐదారు తొక్కులకొకసారి కిందకి దిగి రిజర్వాయర్ చూడాలి. ఒక్కరే చేసేటప్పుడు అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, చూసి చెప్పే రెండో మనిషి లేడు. ఆయిల్ మినిమం గీత దాటి అడుగుకి పోయిందంటే మాస్టర్ సిలిండరే గాలి మింగుతుంది, అప్పటిదాకా చేసిందంతా పోయి పని మళ్ళీ మొదటికొస్తుంది. నేను బానెట్ మీద టిన్ను, సిరంజి సిద్ధంగా పెట్టుకుని, ప్రతి ఐదు తొక్కులకీ నింపి గానీ మళ్ళీ సీట్లోకి ఎక్కను. మొదలుపెట్టే ముందు రిజర్వాయర్‌లోని నల్లబడ్డ ఆయిల్‌ని సిరంజితో తీసేసి కొత్తది పోస్తే, ఆ మురికంతా గొట్టాల గుండా తోలాల్సిన పని తప్పుతుంది. టిన్ను అప్పుడే సీలు తెరిచినదై ఉండాలి. పోయినేడాది సగం వాడి మూత పెట్టి దాచినది అప్పటికే తేమ తాగేసి ఉంటుంది. రిజర్వాయర్ మూత మీద రాసిన డాట్ రకమే వాడాలి, ఇంజను ఆయిల్, పవర్ స్టీరింగ్ ఆయిల్ లాంటివి ఒక్క చుక్క పడినా రబ్బరు సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి. పెయింటు మీద పడితే తుడవడం కాదు, వెంటనే ఎక్కువ నీళ్ళతో కడగాలి.

ఏ చక్రం ముందు? మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్నది ముందు అనేది పాత సూత్రం. మన కార్లలో అది కుడివైపు ఉంటుంది కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. కానీ చాలా చిన్న కార్లలో గొట్టాలు అడ్డంగా, ఒక ముందు చక్రాన్ని ఎదురుమూల వెనక చక్రంతో జతకలుపుతూ ఉంటాయి, వాటిలో కొన్నిటికి వేరే వరస. మీ కారు మాన్యువల్ చెప్పిందే ఖాయం.

మిగతా పద్ధతుల గురించి అదే ప్రశ్నతో చూస్తే చాలు. వన్-వే వాల్వు ఉన్న పైపు తలుపుని తానే మూస్తుంది. చవక రకాల్లో వాల్వు సరిగా మూసుకోదు, కాబట్టి దాన్ని కూడా ఆయిల్‌లో ముంచే వాడతాను. చేతి వాక్యూమ్ పంపు, సిరంజి నిపుల్ వైపు నుంచి లాగుతాయి, పెడల్ కదలనే కదలదు. అయితే ఆ లాగుడు నిపుల్ మర చుట్ల సందుల్లోంచి బయటి గాలిని కూడా తెస్తుంది, పైపులో సన్నని బుడగలు ఎప్పటికీ ఆగవు. అది లోపలి గాలి కాదని తెలియక టిన్నులకు టిన్నులు ఖాళీ చేస్తారు. నిపుల్ వదులు చేసి కారనివ్వడం నిజంగానే పనిచేస్తుంది, వెనక్కి లాగేదేమీ లేదు, చాలా నెమ్మది. కానీ గొట్టం మలుపుల్లో ఎత్తున ఇరుక్కున్న బుడగని ఆ నీరసపు ధార కదపలేదు. టీ తాగడానికి వెళ్తే మాత్రం రిజర్వాయర్ ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది. రిజర్వాయర్ మూత దగ్గర నుంచి తక్కువ ఒత్తిడితో, ఒక బార్ (దాదాపు వాతావరణ ఒత్తిడంత) చుట్టుపక్కల, ఆయిల్ నెట్టే పరికరం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి, సరిపోయే మూత దొరికితే. పురుగుమందు కొట్టిన స్ప్రేయర్‌ని దీనికి మార్చుకోవాలని మాత్రం చూడకండి. పెడల్‌కీ సీటుకీ మధ్య కర్ర బిగించడం దాదాపు పనికిరాదు. నిపుల్ తెరవగానే పెడల్ దిగుతుంది, కర్ర పడిపోతుంది, నెట్టే బలం అక్కడితో ఆగిపోతుంది.

పద్ధతి ఏదైనా నిపుల్ తిరగాలి కదా. చింతపల్లి, భోగాపురం, అటు కళింగపట్నం, ఇలా సముద్రం దగ్గర తిరిగే కార్లకి ఇదే పెద్ద సమస్య. ఉప్పుగాలికి నిపుల్ తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. లోపల రంధ్రం ఉన్న చిన్న ముక్క అది, బలం పెడితే విరుగుతుంది. విరిగితే కాలిపర్ విప్పాల్సిందే. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. సాధారణంగా 8 లేదా 10 మి.మీ. సైజు, రింగ్ స్పానర్‌తోనే పట్టండి, నోరు తెరిచిన స్పానర్ అంచుల్ని గుండ్రంగా అరగదీస్తుంది. చిన్న సుత్తితో నిపుల్ తల మీద రెండు మూడు మెత్తని దెబ్బలు వేస్తే తుప్పు వదులవుతుంది. అయినా తిరగకపోతే ఆపేసి షెడ్డుకి తీసుకెళ్ళడమే మంచిది. తిరిగి బిగించేటప్పుడు మణికట్టు బలం చాలు, భుజం బలం అక్కర్లేదు. పైన రబ్బరు టోపీ పెట్టడం మరిచిపోకండి, తుప్పుని ఆపేది అదే.

కారు కిందకి వంగే పని, అందులోనూ ఒక్కరే. జాకీ మీద మాత్రమే నిలబెట్టి చేయకూడదు, స్టాండ్లు ఉండాల్సిందే. వెనక చక్రాలు ఎత్తినప్పుడు హ్యాండ్ బ్రేకు కారుని ఆపదు, అది పట్టేది ఆ గాల్లో ఉన్న చక్రాలనే. ముందు చక్రాలకి రాళ్ళు గానీ చెక్కలు గానీ అడ్డం పెట్టి, గేరులో ఉంచాలి. కొన్ని కార్లలో బరువుని బట్టి వెనక బ్రేకుకి ఒత్తిడి తగ్గించే వాల్వు ఉంటుంది. చక్రాలు వేలాడేలా ఎత్తితే బండి ఖాళీగా ఉందనుకుని అది ఆయిల్‌ని సరిగా పోనివ్వదు. స్టాండుని ఇరుసు కింద పెడితే ఆ ఇబ్బంది ఉండదు. పని చేస్తున్నంతసేపూ పక్కింటివాళ్ళకి ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

ఇక ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్న కార్ల సంగతి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. మామూలుగా ఆయిల్ మార్చడం వీటిలోనూ ఇదే రీతిలో చేయొచ్చు. కానీ రిజర్వాయర్ ఎండిపోయి గాలి ఏబీఎస్ యూనిట్ లోపలికి చేరితే, అందులోని వాల్వులు మూసి ఉంటాయి కాబట్టి మన పెడల్ ఆ గదుల దాకా పోదు. చాలా కార్లకి స్కానర్ తగిలించి ఆ వాల్వుల్ని తెరిపించాలి. అది ఇంటి పని కాదు.

నాలుగూ అయ్యాక నిపుల్స్ అన్నీ తుడిచి, ఇంజను ఆన్ చేయకుండా పెడల్‌ని బలంగా అర నిమిషం పట్టుకోండి. దిగకూడదు. తర్వాత కారు దిగి ప్రతి నిపుల్‌ని టార్చి వేసి, పొడి కాగితం అద్ది చూడండి. తర్వాత పెడల్ మీద కాలు ఉంచే ఇంజను స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందకి జారుతుంది. దానికి భయపడక్కర్లేదు, బూస్టర్ పని మొదలుపెట్టింది. కానీ మళ్ళీ మెత్తగా అనిపిస్తే రోడ్డు మీదకి తీయకండి.

నేను తెల్లవారుజామున, పెద్దచెరువు వైపు రోడ్డు ఇంకా ఖాళీగా ఉండగా, నడక వేగంతో మొదలుపెట్టి నాలుగైదు సార్లు ఆపి చూస్తాను, చేయి హ్యాండ్ బ్రేకు మీద ఉంచి. తిరిగి వచ్చాక రిజర్వాయర్ మట్టం మరోసారి చూసి, దాని పక్కన అతికించిన టేపు మీద తేదీ, డాట్ రకం రాస్తాను. పాత ఆయిల్‌ని కాలువలోనో మొక్కల మొదట్లోనో పోయను. విషం అది, పిల్లలకీ కుక్కలకీ అందకుండా పేరు రాసిన సీసాలో మూతపెట్టి, పెద్దాయన షెడ్డు వైపు వెళ్ళినప్పుడు ఆయనకి ఇచ్చేస్తాను.